శవపేటికలో ఎర్రగళ్ళ కిల్టు

శనివారం ఉదయం రోనా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి అంత్యక్రియల దుకాణం నడిపే టేట్ గారి దగ్గరికి వెళ్ళి తండ్రి టోపీ, నడుముకు కట్టే తోలు సంచీ ఇవ్వాలి. శవపేటిక మూత వేయకముందు ఆ ముఖం ఒక్కసారి చూసుకోవాలి. పదింటికల్లా ఇంటికి వచ్చి నూట ఇరవై చీజ్ రోల్స్ చుట్టాలి. రెండింటికి చర్చిలో ప్రార్థన, మూడింటికి ఖననం, నాలుగింటికి స్కాట్లండు సంఘం హాలులో టీ. పందొమ్మిదేళ్ళుగా గ్లెన్‌కెల్లాలో స్కూలు బస్సు నడుపుతున్న మనిషి కనుక రోనాకు వేళలంటే ప్రాణం. నిమిషం ఆలస్యమైతే పిల్లలనైనా, పిల్లల తాతలనైనా ఒకేలా కసిరేది.

జూలై ఆఖరు, భూగోళానికి అడుగున ఉన్న ఆ దేశంలో నడి చలికాలం. సౌత్‌ల్యాండ్‌లో ఆ రోజుల్లో సూర్యుడు ఉన్నాడంటే ఉన్నాడు. వారం రోజులుగా మంచూ వానా కలిసి ఏటవాలుగా కొడుతున్నాయి. పొలాల్లో గొర్రెలు కంచెకు ఆనుకుని, ఈ లోకంలో తమకెవరూ లేరన్నట్టు నిలబడి ఉన్నాయి.

రోనా తండ్రి టార్క్విల్ మెక్‌గారిక్ బుధవారం నాడు, ఎనభై ఎనిమిదో ఏట పోయాడు. ఆయన బతికినన్నాళ్ళు గొర్రెలు కాశాడు, కంచెలు వేశాడు, ఆఖరి ఇరవై ఏళ్ళు కీళ్ళనొప్పులను తిట్టాడు. కానీ ఊళ్ళో ఆయన పేరు చెబితే ఎవరికీ గొర్రెలు గుర్తు రావు. ఆయన మెక్‌గారిక్ వంశానికి పెద్ద. ఆ పెద్దరికం ఎవరిచ్చారంటే చెప్పడం కష్టం. సముద్రాల అవతల, ఆయన కంటితో చూడని స్కాట్లండు కొండల్లో ఆ వంశం వాళ్ళు ఒకప్పుడు కత్తులు పట్టుకుని తిరిగారట. ఆ కత్తుల మహిమ గొర్రెల మందల మధ్య నేటికీ చెక్కుచెదరలేదని గ్లెన్‌కెల్లా నమ్మకం.

వంశమన్నాక పగ ఉండాలి. మెక్‌గారిక్‌లకు మెక్‌ఫెర్లేలు ఉన్నారు. నాలుగు వందల ఏళ్ళ కిందట మెక్‌ఫెర్లేలు తమను విందుకు పిలిచి, మాంసం వడ్డించి, బయట గడియ పెట్టి ఇంటికి నిప్పంటించారని మెక్‌గారిక్‌లు చెబుతారు. అదే విందు, అదే మాంసం, అదే గడియ. నిప్పు పెట్టింది మాత్రం మెక్‌గారిక్‌లేనని మెక్‌ఫెర్లేలు చెబుతారు. అంతమంది కాలిపోయాక ఇన్ని వందల మంది వారసులు ఎలా పుట్టుకొచ్చారని రెండు వైపులా ఎవరూ అడగలేదు.

ఏటా ఈస్టరు ఉత్సవంలో ఆటస్థలానికి ఒక కొసనుంచి తమ వంశపు పచ్చగళ్ళ కిల్టులో, అంటే మగవాళ్ళు మోకాళ్ళదాకా చుట్టుకునే ఉన్ని లంగాలో, టార్క్విల్, రెండో కొసనుంచి ఎర్రగళ్ళ కిల్టులో శత్రువంశపు పెద్ద మర్డో మెక్‌ఫెర్లే నడిచి వచ్చేవారు. నడిమధ్య ఎదురెదురుగా నిలబడి, ఒకరినొకరు పైనుంచి కిందికి చూసుకుని, చేయి కలపకుండా గిరుక్కున వెనక్కి తిరిగేవారు. జనం ఈలలు వేసేవారు. నలభై ఏళ్ళుగా ఇదే తంతు. దీన్ని చూడడానికి దేశంలోని రెండు దీవుల నుంచీ బస్సులు వస్తాయి, ఆ బస్సుల పుణ్యమా అని హోటలూ బేకరీ నడుస్తాయి.

ఆ మర్డో సోమవారం పోయాడు. కబురు రోనాయే తండ్రికి చెప్పింది. ముసలాయన గోడవైపు తిరిగి, "దొంగ సచ్చినోడు, అక్కడికీ నాకంటే ముందే పోయాడే" అన్నాడు. ఆ తరువాత టీ అడగలేదు, రేడియో పెట్టమనలేదు. మూడో రోజు తెల్లవారేసరికి ఆయనా లేడు. ఓడిపోయానన్న ఉక్రోషంతోనే పోయాడనుకుంది రోనా. అంతకు నెల ముందు మాత్రం ఆయన ఒక మాట అన్నాడు: "నన్ను కిల్టులోనే పంపు. టేట్‌తో అన్నీ చెప్పుంచాను. నువ్వు మధ్యలో వేలు పెట్టకు." ఆయన కూతురిని నోరు తెరిచి అడిగినది జీవితంలో అదొక్కటే. ఏళ్ళ తరబడి ఆయన చేతిలోంచి విస్కీ గ్లాసు లాక్కుని, మందుబిళ్ళలు లెక్కబెట్టి మింగించి, చెప్పులు సరిగ్గా తొడుక్కోమని కసిరిన మనిషి రోనా. ఇప్పుడు ఆ కసుర్లన్నీ గుండెలో గుచ్చుకుంటున్నాయి. ఈ ఒక్క పనైనా ఆయన కోరినట్టు జరిపించకపోతే ఇక బతుకంతా తనను తాను క్షమించుకోలేదు.

టేట్ గారి నాన్న, తాత కూడా ఈ ఊరివాళ్ళను సాగనంపినవాళ్ళే. ఆయన మాట్లాడేది తక్కువ, అదీ నెమ్మదిగా. ఆ ఉదయం ఆయన దుకాణంలో రోనా, తండ్రి నుదుటి మీద వెంట్రుకలు సర్ది, టోపీ పెట్టి, తోలు సంచీ కట్టడానికి నడుం మీది దుప్పటి తీసింది. మోకాళ్ళ మీద ఎరుపు కనిపించింది.

"టేట్ గారూ."

"అమ్మా."

"ఏంటిది?"

"కిల్టమ్మా."

"ఎవరి కిల్టు?"

టేట్ తన చేతులకేసి చూసుకున్నాడు. "మర్డో గారిది."

"మరి మా నాన్నది?"

"మర్డో గారి ఒంటిమీదుంది."

"ఆయనెక్కడున్నాడు?"

"గురువారం మధ్యాహ్నం నుంచీ కిందున్నారమ్మా. ఆరడుగుల కింద."

రోనా దుప్పటిని మళ్ళీ మోకాళ్ళ మీదికి లాగేసింది. "కిల్టు మా దగ్గరే ఉంది, మీరు తేనక్కర్లేదు అని ఫోన్లో చెప్పారే! ఇద్దరి బట్టలూ మార్చేసి, ఒకాయన్ని పూడ్చేసి, ఇంత తాపీగా చెబుతున్నారా?"

"పొరపాటేం జరగలేదమ్మా."

"ఇంకేం జరగాలి? కాళ్ళు పైకి పెట్టి పడుకోబెట్టాలా?"

"నేనిప్పుడేం చెప్పడానికి వీల్లేదు. ఖననం అయ్యాక, టీల దగ్గర అంతా చెబుతాను. అప్పటిదాకా నా మాట నమ్మి మూత వెయ్యనివ్వండి."

"అంటే మట్టి కప్పేస్తే తప్పు కప్పబడిపోతుందనా?"

టేట్ ముఖం ఎర్రబడింది. మూడు తరాల పరువు గొంతులో అడ్డం పడ్డట్టుంది. "మా ఇంట్లో ఇచ్చిన మాట తప్పం" అని మాత్రం అన్నాడు. ఆ మాట తనకు సంబంధించినదని రోనాకు తోచలేదు. తప్పు చేసి దొరికిపోయిన వ్యాపారి ఇంకేమంటాడు, పరువు మాటే ఎత్తుతాడు అనుకుంది.

ఇంటికి వచ్చేసరికి ఆమె భర్త హేమీ వంటింట్లో రొట్టెముక్కల మీద చీజ్ రాస్తూ ఉన్నాడు. హేమీ మావోరీవాడు, అంటే ఆ దేశపు మూలవాసి. గొర్రెల ఉన్ని కత్తిరించే పని. తన పూర్వీకుల పేర్లు ఇరవై రెండు తరాలు వెనక్కి, ఊపిరి తిప్పుకోకుండా చెప్పగలడు. అత్తవారి వంశం గురించి మాత్రం పెళ్ళైనప్పటినుంచీ ఒక్క మాటా అనలేదు. ఆ మౌనంలో మర్యాద ఎంతో, నవ్వు ఎంతో రోనాకు ఎన్నడూ తేలలేదు.

విషయం విని హేమీ చేతిలోని కత్తి కింద పెట్టాడు. "మా వాళ్ళలో మనిషి పోతే మూడు రోజులు పక్కనుంచి కదలం. ఏడుస్తాం, పాడతాం, తిడతాం. వాడెవడో, ఎవరి కొడుకో అప్పుడే చెప్పుకుంటాం. మీరేమో మీవాణ్ణి దుకాణంలో వదిలేసి, ఇంటికొచ్చి శాండ్విచ్లు చేస్తారు. ఇట్లా కాకేమవుతుంది?"

"పుండు మీద కారం చల్లకు హేమీ. ఏం చెయ్యాలో చెప్పు."

"టేట్ నాలుగింటికి చెబుతానన్నాడుగా. ఆగు."

"నాలుగింటికి నాన్న ఎర్రగళ్ళలో మట్టికింద ఉంటాడు! పైకెళ్ళాక వాళ్ళ పెద్దలంతా ఎదురొస్తే ఏమని చెప్పుకుంటాడు?"

"విందుకి పిలుస్తారేమో" అన్నాడు హేమీ. ఆ తరువాత భార్య ముఖం చూసి మళ్ళీ కత్తి అందుకున్నాడు.

రోనా సంఘం కార్యదర్శి గావిన్ ప్రింగిల్‌కు ఫోన్ చేసింది. చేయకుండా ఉండవలసింది. గావిన్ హెడ్‌మాస్టరుగా దిగిపోయినా, ఊరికంతటికీ ఇంకా హెడ్‌మాస్టరే. ఏ గీత ఏ వంశానిదో ఆయనకు కంఠోపాఠం. మెక్‌గారిక్ గళ్ళలో పచ్చ అడవికీ, నీలం సరస్సుకూ, సన్నటి పసుపు గీత విందులో కాలిపోయినవాళ్ళ ఆత్మలకూ గుర్తని ఆయనే చెబుతాడు. ఎక్కడ చదివారని అడిగితే, "రక్తానికి తెలుస్తుంది" అంటాడు.

"మెక్‌గారిక్ గళ్ళ బట్ట ఎక్కడైనా నాలుగైదు గజాలు దొరుకుతుందా మాస్టారూ? ఎందుకని అడక్కండి."

"ఎందుకు?"

రోనా ఏడుపు ఆపుకోలేక చెప్పేసింది.  "నాలుగొందల ఏళ్ళల్లో ఇట్లాంటిది జరగలేదమ్మా" అన్నాడు గావిన్. "మూడో కంటికి తెలియనివ్వను. నువ్వు ధైర్యంగా ఉండు."

గావిన్ మాట నిలబెట్టుకున్నాడు. మూడో కంటికి తెలియనివ్వలేదు, భార్యకే చెప్పాడు. పదిన్నరకల్లా బేకరీలో తెలిసింది. పదకొండింటికి పక్క లోయలో ఉన్న మెక్‌ఫెర్లేలకు తెలిసింది. తమ పెద్దాయన శత్రువుల పచ్చగళ్ళు కట్టుకుని రెండు రోజులుగా భూమిలో ఉన్నాడన్న సంగతి వాళ్ళకు తెలియడం అప్పుడే. మర్డో పెట్టె ఇంటికి మూతేసే వచ్చింది మరి. పదకొండున్నరకు వానలో ఆరుగురు మెక్‌ఫెర్లేలు పారలు పట్టుకుని స్మశానంలో మర్డో సమాధి చుట్టూ నిలబడ్డారు.

కానిస్టేబులు వచ్చి వాళ్ళ ముందు చేతులు చాచుకుని నిల్చున్నాడు. "పూడ్చినవాణ్ణి తియ్యాలంటే రాజధాని వెలింగ్టన్ నుంచి అనుమతి రావాలి. ఆరు వారాలు పడుతుంది. ఫారం ఉంది, నింపి పంపండి."

"ఆరు వారాలు మా బాబాయి ఆ గుడ్డల్లో ఉండాలా?"

"ఆయనకేం తొందర లేదు బాబూ. మీకే."

మరో అయిదు నిమిషాలకు, శవపేటిక ముందు నడవాల్సిన బ్యాండు నుంచి కబురు వచ్చింది. తోలుతిత్తి పైపులు ఊదేవాళ్ళు తొమ్మండుగురు, వాళ్ళలో అయిదుగురు మెక్‌ఫెర్లేలు. తమ బట్ట ఆ ముసలివాడి ఒంటిమీద ఉన్నంతవరకూ ఊదేది లేదని వాళ్ళు తేల్చి చెప్పారు. ఇంకో కబురు గావిన్ దగ్గరనుంచి: ఎర్రగళ్ళలో ఉన్న శవం వెంట సంఘం జెండా నడవదు. గంట కిందట రోనాకు ఒక్క కిల్టు గొడవ ఉండేది. ఇప్పుడు పాట లేదు, జెండా లేదు, స్మశానంలో పారలతో ఆరుగురు మనుషులు.

"నాన్న చావు కూడా తిన్నగా చెయ్యలేకపోతున్నానే" అని స్కూలు బస్సు స్టీరింగు మీద తలపెట్టుకుని ఏడ్చింది రోనా. ఆపైన ముక్కు తుడుచుకుని బండి నడిపింది.

పచ్చగళ్ళ బట్ట కోసం ఊరంతా గాలించారు. బహుమతుల దుకాణంలో ఆ గళ్ళవి రెండు నెక్టైలు, ఒక టీపాత్ర తొడుగు, పొట్టికాళ్ళ కుక్కకు తొడిగే కోటు దొరికాయి. హేమీ బండి వెనక కుక్కల దుప్పటి అదే గళ్ళది, కానీ అందులో పదేళ్ళ కుక్కల బొచ్చు పోగా మిగిలిన దుప్పటి తక్కువ. చివరికి రోనా హోటల్ ముందు ఆగింది. భోజనాల గదిలో పెద్ద కిటికీకి, పైనుంచి నేలదాకా, అచ్చమైన మెక్‌గారిక్ గళ్ళ తెర వేలాడుతోంది.

హోటల్ యజమానురాలు డెల్మా తెరకు అడ్డం నిలబడింది. "సోమవారం టూరిస్టు బస్సొస్తుందే. కిటికీ బోసిగా ఉంటే ఏం బాగుంటుంది?"

"మా నాన్న బోసిగా పోతే బాగుంటుందా?"

డెల్మా పక్కకు తప్పుకుంది. నిచ్చెన తెచ్చి ఇచ్చింది.

తెరలు చలిని ఆపడానికి వెనక రబ్బరు పూత పూసి ఉంటాయని రోనాకు ఆ గొడవలో గుర్తు రాలేదు. టేట్ గారి బల్లమీద పరిచాక తెలిసింది. అది మడత పడదు. పడితే విప్పుకోదు. పైన వరుసగా ఇత్తడి రింగులు. వాటిని ఊడదీసే తీరిక లేదు, గంట ఒకటి దాటింది.

"అమ్మా," అన్నాడు టేట్, "ఇది మీ నాన్నగారికి నచ్చదు."

"మా నాన్నకేం నచ్చుతుందో మీరా నాకు చెప్పేది?"

"మీ నాన్నగారి లాయరు గారికి ఇంకోసారి ఫోన్ చేస్తాను. ఆయన సరేనంటే ఒక కాగితం ఇప్పుడే మీకు చూపిస్తాను. పొద్దుటినుంచీ చేస్తూనే ఉన్నా, ఎత్తట్లేదు."

"శనివారం ఆయన రగ్బీ మ్యాచిలో ఉంటాడు. ఏ కాగితం? మీ మీద కేసు పెట్టకుండా రాయించుకునేదా?"

టేట్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. చెప్పలేడు, చెప్పకుండా ఉండలేడు. ఆ పెద్దమనిషి అవస్థ చూస్తే ఎవరికైనా జాలి వేయాలి. రోనాకు ఆ రోజు అందరిమీదా జాలి అయిపోయి, తన తండ్రికి మాత్రమే మిగిలింది. లాయరు ఎత్తలేదు.

"చట్టం ప్రకారం కూతురి మాటే చెల్లుతుంది" అన్నాడు టేట్ చివరికి. "మీరు సంతకం పెడితే చేస్తాను. పెట్టొద్దని మాత్రం బతిమాలుతున్నాను."

రోనా సంతకం పెట్టింది. ఎర్రగళ్ళ కిల్టు ఊడదీశారు. హేమీ ఒకవైపు, టేట్ ఒకవైపు పట్టుకుని హోటల్ తెరను ఆయన నడుం చుట్టూ తిప్పారు. రోనా పదిహేడు పిన్నీసులు పెట్టింది. టార్క్విల్ మెక్‌గారిక్, వంశంపెద్ద, హోటల్ కిటికీకి వేసినట్టే నిటారుగా తయారయ్యాడు. రోనా ఆ చల్లటి చేయి పట్టుకుని, "సరిచేశాను నాన్నా, ఇంక నిశ్చింతగా వెళ్ళు" అంది. పొద్దుటినుంచీ మొదటిసారి ఆమె గుండె కుదుటపడింది. టేట్ గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

చర్చికి వెళ్ళే దారిలో ఎర్ర కిల్టును కాగితం సంచిలో పెట్టి మర్డో భార్య ఎఫీకి ఇచ్చింది రోనా. ఎఫీ ఎనభై నాలుగేళ్ళ పిట్టలాంటి మనిషి. సంచిలోకి తొంగిచూసి, "ఇప్పుడు నాకిదెందుకే? కట్టుకునేవాడు లేడుగా" అంది.

"మీ దగ్గరుండాల్సింది పెద్దమ్మా. జరిగినదానికి క్షమించండి."

"నిన్నేం క్షమించను, నువ్వు కుట్టావా, పూడ్చావా? మా ఆయనే నా దగ్గర ఏదో దాచాడమ్మాయ్. పన్నెండేళ్ళు మంగళవారం మంగళవారం చేపలకని వాగుకి పోయేవాడు. ఒక్క చేపైనా తెస్తేనా! ఎవత్తైనా ఉందేమోనని కూడా అనుకున్నా."

"మా నాన్నా మంగళవారాలే కాళ్ళకి మసాజ్ అని బయల్దేరేవాడు" అంది రోనా, గడియారం చూసుకుంటూ. "ఆ మసాజ్ వల్ల ఒరిగిందేం లేదు. పెద్దమ్మా, మీవాళ్ళు పైపులు ఊదేది లేదంటున్నారు, మీరొక మాట చెప్పాలి."

ఎఫీ గుమ్మంలోకి వచ్చి, వానలో నిలబడి ఉన్న ఆ అయిదుగురు పైపులవాళ్ళకేసి వేలు చూపించింది. "కిల్టు నా చేతికొచ్చిందిరా. ఇంక మూతులు ముడుచుకుంది చాలు. ఊదండి."

ఊదారు. జెండా నడిచింది. చర్చి నిండిపోయింది. అంతా సవ్యంగానే జరిగేది, ఆ ఇత్తడి రింగులే లేకపోతే. పెట్టె మోసేవాళ్ళు అడుగు వేసినప్పుడల్లా లోపల 'టింగు' మంటూ ఒక చప్పుడు వచ్చింది. పాదిరీ మొదట ప్రార్థన ఆపి విన్నాడు, తరువాత చప్పుడుకు తగ్గట్టు విరామాలు ఇస్తూ చదవడం నేర్చుకున్నాడు. వెనక వరుసలో ఎవరో ముసలమ్మ, అది టార్క్విల్ తాతగారి కత్తి మోగడమని పక్కవాళ్ళకు చెప్పింది. మూడున్నరకు మర్డో పక్క గోతిలో మర్డో శత్రువును దించి, మట్టి వేశారు.

నాలుగింటికి హాలులో టీ. చీజ్ రోల్స్ వేడిగా ఉన్నాయి, ఒళ్ళు చలికి కొయ్యబారి ఉంది. గావిన్ ప్రింగిల్ బల్లమీద చెంచాతో కొట్టి లేచాడు.

"మిత్రులారా, దుఃఖంలోనూ ఒక సంగతి గమనించాలి. ఈరోజు మెక్‌గారిక్‌ల పెద్ద పచ్చగళ్ళలో విశ్రమించాడు. విధివశాత్తూ మెక్‌ఫెర్లేల పెద్ద కూడా పచ్చగళ్ళలోనే విశ్రమించాడు. ఇది నాలుగు వందల ఏళ్ళ పోరుకు ముగింపు అనుకోవచ్చు."

"ఎవడు గెలిచాడంటావ్?" అని మెక్‌ఫెర్లేల బల్లనుంచి ఒకాయన లేచాడు.

"నేననడం కాదు, బట్టే చెబుతోంది."

మొదటి చీజ్ రోల్ అప్పుడు ఎగిరింది. గావిన్ కళ్ళజోడు టీకప్పులో పడింది. ఆ సందట్లో టేట్ గోడవారగా నడిచి వచ్చి, పక్కపక్కన కూర్చున్న రోనా చేతిలో ఒక కవరూ ఎఫీ చేతిలో ఒక కవరూ పెట్టాడు. "రెండో ఆయన్ని పూడ్చాకే ఇవ్వాలని ఇద్దరూ నాతో ఒట్టు వేయించుకున్నారు" అని, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

కవరు మీద తండ్రి వంకర అక్షరాలు. రోనా విప్పి చదివింది.

"రోనా, నువ్విది చదివేసరికి నేను మర్డోగాడి ఎర్ర కిల్టులో ఉంటాను. టేట్‌ని తిట్టకు, బట్టల సంచులు మేమే మార్చి ఇచ్చాం. పన్నెండేళ్ళ కింద, ఆ విందులో నిప్పు పెట్టిందెవరో తేల్చుకుందామని నేనూ వాడూ ఎవరికీ చెప్పకుండా డునీడిన్ నగరానికి వెళ్ళి పాత ఓడల కాగితాలు తీయించాం. ఓడ ఒకటే. మా తాతా, వాడి తాతా ఒకే గదిలో కిందా మీదా పడుకుని వచ్చారు. వాళ్ళు కొండలు ఎరుగరు, కత్తి ఎరుగరు. ఇద్దరూ స్కాట్లండులో ఏదో పట్నంలో తివాచీల మిల్లు పనివాళ్ళు, పక్కపక్క మగ్గాలు. ఇక్కడికొచ్చాక ఎవరో గవర్నరు వస్తున్నాడని అందరూ కిల్టులు కట్టాలన్నారట. దుకాణంలో రెండే తానులున్నాయి. చీటీలు వేసుకున్నారు. మనకి పచ్చ వచ్చింది. అప్పటి పేపర్లో నవ్వుతూ రాశారు. మన వంశచరిత్ర అంతే తల్లీ.

"తిరుగు బస్సులో ఇద్దరం సిగ్గుతో మాట్లాడుకోలేదు. సగం దారిలో వాడు నవ్వడం మొదలుపెట్టాడు. ఊరికి చెబితే ఈస్టరు పోతుంది, ఈస్టరు పోతే ఊరు పోతుంది. అందుకని నోరు మూసుకున్నాం. మంగళవారాలు వాగు దగ్గర కూర్చుని మూసుకున్న నోరు తెరుచుకునేవాళ్ళం. వాడంత మంచివాణ్ణి నేను చూడలేదు. నలభై ఏళ్ళు జనం ముందు వాడికి వీపు చూపించాను. ఇప్పుడు జనం ముందు చేయి కలిపే ధైర్యం లేదు. అందుకే వాడు నాది కట్టుకుని, నేను వాడిది కట్టుకుని పోదామనుకున్నాం. మా చేతులు కలపడం అదే. నీకు ముందే ఎందుకు చెప్పలేదంటే, నువ్వు సరిచేసేస్తావు. ఏదైనా వంకరగా ఉంటే నీకు నిద్రపట్టదు, అచ్చం మీ అమ్మే. ఈ ఒక్కటీ వంకరగా ఉండనీ."

రోనా ఆ కాగితం ఇంకోసారి చదివింది. ఏడుపు వెంటనే రాలేదు. వచ్చాక ఆగలేదు. పక్కన ఎఫీ తన కాగితం చదవడం ముగించి, ఒళ్ళోని సంచిలోంచి ఎర్ర కిల్టు తీసి బల్లమీద పరిచి చేత్తో నిమిరింది. "చేపలు" అంది. "చేపలట." నవ్విందో ఏడ్చిందో చెప్పడం కష్టం.

"పెద్దమ్మా, మీ ఆయన మాట నిలబెట్టుకున్నాడు" అంది రోనా వెక్కుతూ. "మా నాన్న కిల్టు కట్టుకునే పడుకున్నాడు. మా నాన్నే చేయి చాపలేదు. నేను చాపనివ్వలేదు. హోటల్ కిటికీ తెర చుట్టి పంపించాను."

"తెరా?" అంది ఎఫీ. "ఓహో, ఆ టింగు టింగు అదా!"

హేమీ వచ్చి భార్య భుజం మీద చేయి వేశాడు. కాగితం చదివాడు, మడిచి ఇచ్చాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో మొదటిసారి అత్తవారి వంశం గురించి ఒక మాట అన్నాడు. "ఒకే ఓడలో వచ్చినవాళ్ళని మేము చుట్టాలంటాం. మీ నాన్నకి వంశం ఉంది రోనా. పక్క గోతిలోనే ఉంది."

హాలు అవతల గావిన్ ప్రింగిల్ తడి కళ్ళజోడు తుడుచుకుంటూ, పసుపు గీత అర్థం ఎవరికో మొదటినుంచీ చెబుతున్నాడు. వాళ్ళ ముగ్గురిలో ఎవరూ ఆయన మాటకు అడ్డం వెళ్ళలేదు. ఈస్టరుకు ఇంకా తొమ్మిది నెలలే ఉంది.

సోమవారం పిల్లలను బడి దగ్గర దించి, రోనా ఖాళీ బస్సులో కూర్చుని కానిస్టేబులు దగ్గర తెచ్చుకున్న ఫారం నింపింది. పక్క సీటులో ఎఫీ ఎర్ర కిల్టు ఉన్న సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చనిపోయినవారి పేరు, తేదీ, బంధుత్వం గబగబా రాసేసిన రోనా, 'సమాధి తిరిగి తవ్వడానికి కారణం' అన్న గడి దగ్గర మాత్రం చాలాసేపు ఆగి, "అంతా సరిగ్గా చేసినందుకు" అని రాసింది.